ఓబుళరెడ్డి ముందు బ్రేకు

ఓబుళరెడ్డి మోటారు సైకిలు ఈరప్ప షెడ్డు ముందర ఆగింది. ఆపింది మాత్రం రెడ్డి కాదు, పక్కన పేర్చిన ఉల్లిగడ్డల మూటలు.

రెడ్డి పంచె దులుపుకొని లేచాడు. దెబ్బలేమీ తగల్లేదు. మనిషి నడిచేంత వేగంతో వచ్చి గుద్దుకున్నవాడికి పోయేది పరువొక్కటే.

“ఈరప్పా, ముందు బ్రేకు మల్లా పోయింది. నెలలో ఇది నాలుగోసారి. ఈ షెడ్డు ఎవరి జాగాలో ఉండాది?”

“మీ జాగాలోనే రెడ్డీ.”

“గ్యాపకం ఉండాది గదా. ఈసారి గూడా బ్రేకు పట్టకపోతే రేకులు విప్పుకొని పో. నంద్యాల నుంచి ఇంకో మెకానిక్కును పిలిపించుకుంటా.”

ఈరప్ప బండిని షెడ్డులోకి నెట్టుకుపోయాడు. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి సర్కారు ఆఫీసులే గుడారాల్లో నడుస్తున్నాయి. ఈ జాగా పోతే తనకు ఇంకో జాగా ఎవరిస్తారు?

మొదటిసారి అతను కేబులు మార్చాడు. రెండోసారి కొత్త లైనర్లు వేశాడు. మూడోసారి ఏం తోచక రెండూ మళ్లీ మార్చాడు. ఇప్పుడు చక్రం ఊడదీసి, డ్రమ్ములో చెయ్యి పెట్టాడు. కేబులు బాగుంది. లైనర్లు అరగలేదు, కానీ తడిగా మెరుస్తున్నాయి. ఇన్నాళ్లూ గ్రీజు కారిందనుకున్నాడు. ఈసారి వేలితో తీసి వాసన చూశాడు. ఆముదం. వేళ్ల మధ్య రుద్దితే గడ్డి కాల్చిన మసి. ఆముదంలో మసి కలిపి ఎద్దులబండి ఇరుసుకు పూసే కందెన అది.

“రెడ్డీ, ఇంటికాడ ఈ బండిని ఎవరు ముట్టుకుంటారు?”

“నేను తప్ప ఎవరూ ముట్టుకోరు. అంత ధైర్యం యా నాకొడుక్కుండాది?”

ఈరప్ప మాట పెంచలేదు. లైనర్లు పెట్రోలుతో కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది, చక్రం బిగించాడు. ఊరి దాకా వచ్చి చూస్తానని వెనక ఎక్కి కూర్చున్నాడు.

బ్రేకు పడుతోందని తెలియగానే రెడ్డి వేరే మనిషి అయిపోయాడు. నందికొట్కూరు దారిలో స్పీడు ముల్లు యాభై అయిదు మైళ్లు దాటింది. ఎద్దులబండి ఎదురైతే కాడిమాను ముక్కుకు తగిలే దాకా పోయి అప్పుడు పట్టేవాడు. “బ్రేకంటే ఇట్లుండాలప్పా,” అని వెనక్కి తిరిగి చెప్పేవాడు. ఊరు చేరేలోపు ఈరప్ప సుంకులమ్మకు రెండు పొట్టేళ్లు మొక్కుకున్నాడు.

రెడ్డి కాళ్లు కడుక్కోవడానికి లోపలికి పోగానే ఈరప్ప గడ్డివాము చాటున నిలబడ్డాడు. ఎక్కువసేపు నిలబడాల్సిన పని లేకపోయింది. జీతగాడు పుల్లన్న కందెన నింపిన వెదురు గొట్టంతో తాపీగా వచ్చాడు. కోడి ఈకను అందులో ముంచి, ముందు చక్రం సందులోకి దూర్చబోయాడు.

ఈరప్ప అతని చెయ్యి పట్టుకున్నాడు. పాపం, పెద్దవాడు, తెలియక చేస్తున్నాడనిపించి కోపం కూడా రాలేదు.

“పుల్లన్నా, ఎద్దులబండికి కందెన పూసేది చక్రం తిరగాలని. ఇది చక్రాన్ని నిలబెట్టే చోటు. ఈడ పూస్తే జారిపోతాది.”

పుల్లన్న చివరిదాకా విన్నాడు. “తెలుసప్పా. ముప్పై ఏండ్లాయ నేను కందెన పూయబట్టి. యాడ పూస్తే జారుతాదో తెల్సినోన్నని గదా అమ్మ నాకు చెప్పింది.”

ఈరప్ప చెయ్యి వదిలేశాడు. రెడ్డి భార్య నాగలక్ష్మమ్మ తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది.

“నేనే పూయమంటి ఈరప్పా. నువ్వూ ఎనక కూచ్చొని వస్తివి గదా, చూసింటావు. బ్రేకు పట్టినన్నాళ్లూ ఆయప్పకు ముందర ఏముండాదో కనపడదు. పట్టని దినం కాళ్లు నేలకు రాసుకుంటా చక్కంగా ఇల్లు చేరతాడు. ఎనక బ్రేకు నేను ముట్టుకోలా.”

“మీరు పూస్తే నా షెడ్డు పోతాదమ్మా.”

“పూయకపోతే నా మనిషి పోతాడు.”

ఆమె కళ్లలో నీళ్లు లేవు. నెల రోజులుగా ఆ మాటే అనుకుంటున్న మనిషిలా ఉంది. ఈరప్పకు ఆమె మీద జాలి వేసింది, తన మీద అంతకంటే ఎక్కువ వేసింది.

రెడ్డి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. పుల్లన్న గొట్టాన్ని వీపు వెనక్కి తిప్పాడు.

“ఏమప్పా, రోగం తెలిసిందా?”

ఈరప్ప నాగలక్ష్మమ్మ వైపు చూశాడు. “తెలిసింది రెడ్డీ. ముల్లు ముప్పై దాటితే చక్రం కాగి, ఇరుసుకాడి గ్రీజు కరిగి లైనర్ల మీదికి వస్తాండాది. ముప్పై లోపల తోలితే బ్రేకు ఎన్నేండ్లయినా ఉంటాది. దాటితే మాత్రం దేవుడు దిగొచ్చినా నిలబెట్టలేడు.”

నాగలక్ష్మమ్మ తల కొంచెం ఊపింది. రెడ్డి గడ్డం గోక్కున్నాడు.

“నిజమేనా?”

“నిజం రెడ్డీ.”

“ఈ పొద్దు యాభై అయిదులో వస్తిమి గదా. అట్లయితే రేపటికి పోయుండాల. పోయిందంటే నీ మాట నమ్మి ముప్పైలోనే తోల్తా, షెడ్డు నీదే. పోలేదంటే అబద్ధం చెప్పినట్టే, నాకు ఈరప్ప అనే మనిషితో పని లేదు.”

ఆయన లోపలికి పోయాడు. భోజనానికి పీట వేసిన చప్పుడు వినిపించే దాకా ఈరప్ప కదల్లేదు. తర్వాత చేతులు పైకి మడుచుకొని చక్రం పక్కన కూర్చున్నాడు.

“పుల్లన్నా, ఆ గొట్టం ఇట్ల ఇయ్యి. నువ్వు పూసేది చాలదు.”