బంద్ రాత్రి పాఠం

తెలంగాణ బంద్ రోజు చీకటిపడ్డాక దిల్‌సుఖ్‌నగర్ నుంచి మన్సూరాబాద్‌లోని ఇంటికి ప్రొఫెసర్ కామేశ్వరరావు నడిచే బయలుదేరాడు. రోడ్డు మీద నరమానవుడు లేడు. వెనక మాత్రం ఎవరివో అడుగులు. ఆయన ఆగితే అవీ ఆగుతున్నాయి.

ఎవరైనా నిలదీస్తే, నోరు విప్పగానే గుంటూరు యాస పట్టిస్తుంది. క్లాసులో బెదురు పుట్టినప్పుడు చేసే పనే చేశాడు. పాఠం అందుకున్నాడు. సమ్మెలతో ఆర్నెల్ల కిందట సగంలో ఆగిన, దక్కన్ రాళ్ల పాఠం. అలవాటుగా అడిగాడు.

“అర్థమైందా?”

“అయ్యింది సార్.”

గుండె ఆగినంత పనైంది. తిరిగి చూస్తే తన శిష్యుడు యాదగిరి, మెడలో ఉద్యమ కండువాతో.

“ఒక్కరే పోతుండ్రని ఎన్కనే ఒస్తున్న సార్. ఇంటికాడ దిగబెడ్త.”

“ముందే పలకొచ్చుగా నాయనా,” అన్నాడాయన, హమ్మయ్య అనుకుంటూ. తేలికపడ్డ మనసుతో పాఠం కొనసాగించాడు. “అర్థమైందా?”

“అయ్యింది సార్,” అన్నాడు యాదగిరి.

ఆ వెంటనే వెనక చీకట్లోంచి, క్లాసంతా కలిసి అన్నట్టు, బోలెడు గొంతులు: “అయ్యింది సార్.”

యాదగిరి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “ఎన్కకు చూడకుండ్రి సార్, ఉద్యమంల పానమిడిసిన పోరగాళ్లు. చెప్పుండ్రి.”

ఆర్నెల్ల తర్వాత నిండిన క్లాసు. ఎందుకో కామేశ్వరరావుకి భయం పోయింది. వెనక బెంచీకి కూడా వినబడేలా గొంతు పెంచాడు.