మెడ అతుకు

“ఆ గిటార్ జర ఒక్కసారి ఇస్తవా బిడ్డా?”

చిక్కడపల్లిలో ప్రాక్టీసు గది గుమ్మం దగ్గర ఎవరో పెద్దాయన.

నిహారిక గిటార్‌ను దగ్గరికి లాక్కుంది. అది చనిపోయిన తండ్రి ఉమాకాంత్‌ది. మధ్యలో గట్టి చెక్క, రెండు పక్కలా బోలుగా ఉండే పాత రకం ఎలక్ట్రిక్ గిటార్. అలాంటివాటి కోసం తిరిగేవాళ్లు చాలామందే ఉన్నారు.

“మీరెవరు?”

“బాలకిషన్ అంటరు. మీ నాయన నాకు ఎరుకే.”

అందరూ అదే అంటారు, అనుకుంది.

“మెడ అతుకు మంచిగున్నదా? లూజ్ అయితలేదు గద?”

గిటార్ పొడుగు కాడ, అంటే మెడ, బాడీతో కలిసే లోపలి అతుకు సంగతి ఈయనకెందుకు?

“ఇది అమ్మేది కాదండీ.”

“కొననీకి రాలే. ఒక్కసారి పట్టుకుంట, అంతే.”

“కుదరదు.”

తర్వాత నారాయణగూడలో ప్రోగ్రాం. ముందు వరుసలో మళ్లీ ఆయనే. చూపంతా గిటార్ మెడ మీదే.

స్టేజీ దిగగానే దగ్గరికొచ్చాడు.

“బిడ్డా...”

“ఇంకోసారి వెంటపడితే పోలీసుల్ని పిలుస్తా!”

నలుగురూ తిరిగి చూశారు. ఆయన చేతులు జోడించి, ఫ్లైఓవర్ కిందుగా వెళ్లిపోయాడు.

ఆమెకు ఆ అతుకు మీద అనుమానం మాత్రం పోలేదు. అశోక్‌నగర్‌లో గిటార్లు బాగుచేసే సుమంత్‌కు చూపించింది.

అతను లోపలికి లైటు వేసి చూసి, నొసలు ముడిచాడు.

“అక్కా, ఈ బాడీ తర్వాతి కాలంది. అప్పటికి కంపెనీవోళ్లు మెడ చెక్కను లోపలికి పొట్టిగనే దింపుతున్నరు. దీంట్లనేమో పొడుగ్గ, లోతుదాక పోయింది. గట్ల చేసింది అంతకుముందు.”

“అంటే?”

“మెడ వేరే గిటార్‌ది. దీనికన్న పాతది. ఎవరో విప్పి దీనికి పెట్టిన్రు.”

దొంగ సరుకా? నాన్న ఎవరి గిటారైనా...? ఆ పెద్దాయన తన వెంట తిరుగుతున్నది అందుకేనా?

ఇంటికొచ్చేసరికి తల్లి హైమవతి తలస్నానం చేసి, తడి జుట్టుతో కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“అమ్మా, నిజం చెప్పు. ఈ మెడ ఎవరిది?”

హైమవతి గిటార్ మెడను వేళ్లతో తడిమింది.

“స్టూడియో మెట్ల మీద నాన్న జారిపడితే గిటార్ మెడ విరిగిపోయింది. ఉన్న ఒక్క పనీ పోయేలా ఉంది. అప్పుడు ఆయనతో కలిసి వాయించే స్నేహితుడు, తన గిటార్ విప్పి ఆ మెడ ఇచ్చేశారు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు. ఆ తర్వాత ఆయన మళ్లీ వాయించలేదు.”



“ఆయన... ఎక్కడుంటారు?”

“విద్యానగర్‌లో ఉండేవారు తల్లీ, ఆ బాలకిషన్ గారినే ఇవాళ కడసారి చూసి, సాగనంపి వచ్చాను.”