ప్రశ్నలు ఆఖర్న

"అయ్యా, లేవండి! అది కూర్చునే చోటు కాదు!"

గైడమ్మాయి కేకకి ముసలాయన ఉలిక్కిపడి లేచాడు. విగ్రహం అరుగు మీద కూర్చున్నాడు మరి, అదీ చెప్పులతో.

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు.

యాత్ర మొదలైన దగ్గర్నుంచీ ఆమెకి ఈయనతో ఇదే తంటా. పాత కోట దగ్గర అందరూ బురుజు ఎక్కితే ఈయన కిందే ఉండిపోయాడు. గుడిలో అందరూ శిల్పాలు చూస్తుంటే ఈయన ఆమె మొహం చూశాడు. పోనీ చెడ్డచూపా అంటే అదీ కాదు. ఆమె ఇటు తిరగ్గానే తల దించుకుంటాడు.

దీవికి వచ్చేటప్పుడు పడవలో చెక్కని రెండు చేతులా పట్టుకుని బిగుసుకుపోయాడు.

"భయమా పెద్దాయనా?"

"సముద్రమంటే భయమే తల్లీ."

"మరి దీవుల యాత్రకెందుకొచ్చారు?"

"పనుంది."

ఏం పనో ఆమె అడగలేదు. యాత్రికులందరి కథలూ వింటూ కూర్చుంటే గైడు కథ ఎవరు చెబుతారు?

ఆమె విగ్రహం వైపు చెయ్యి చూపించి గొంతు సవరించుకుంది.

"ఈయన పేరు ఎవరికీ తెలీదు. పడవసామి అంటాం. తుఫానులో యాత్రికుల పడవ తిరగబడితే ఎక్కణ్ణుంచో ఈదుకుంటూ వచ్చాడు. ఓ పసిపిల్లని ఒడ్డు చేర్చాడు. దాని తల్లి కోసం మళ్ళీ నీళ్ళలోకి దూకాడు. ఇద్దరూ తిరిగి రాలేదు."

అందరూ తలెత్తి చూశారు. తాటిచెట్టంత మనిషి, విరిచిన ఛాతీ, చంకలో పిల్ల.

"ఆ చంకలో పిల్లని నేనే."

ఈ మాట దగ్గర ఎప్పుడూ ఆమె గుంపుని వదిలేసి విగ్రహం వైపు తిరిగిపోతుంది. అది నటన కాదు. అమ్మ మొహం ఆమెకి గుర్తులేదు. ఆ నీళ్ళలో అమ్మ భయపడిందా, తనని పిలిచిందా, ఏమంది? ఆ ఒక్క సంగతి చెప్పగలిగినవాడు రాయై నిలబడ్డాడు. ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఆ రాతిపాదం ముట్టుకుని ఆమె అడిగేది అదే. రాయి పలుకుతుందా!

"అమ్మా" అంటూ ముసలాయన చెయ్యెత్తాడు. "ఆయన తిరిగి రాలేదని ఎవరు చూశారు?"

"ప్రశ్నలు ఆఖర్న అడగండి."

కథ మధ్యలో ఎవర్నీ మాట్లాడనివ్వకూడదు. గైడు పనిలో ఆమె మొదట నేర్చుకున్నది ఇదే.

"అది కాదమ్మా. ఒకవేళ కొట్టుకుపోయి వేరే ఒడ్డున పడి ఉంటే..."

"పడి ఉంటే వచ్చి చెప్పడా? దాక్కుంటాడా?"

"తల్లిని తేలేకపోయినవాడు ఏ మొహంతో..."

ఆమెకి కోపం నషాళానికంటింది.

"చూడండి, మా అమ్మ కోసం ప్రాణమిచ్చిన మనిషి ఆయన. నాకు దేవుడు. పిరికివాడిలా ఎక్కడో దాక్కుని బతికాడని నా ముందే అంటారా? అలా బతికే ఉంటే వాడి మొహం కూడా చూడను నేను!"

ముసలాయన ఎత్తిన చెయ్యి దించేశాడు.

మెల్లగా అన్నాడు. "సరే తల్లీ. ఆఖర్నే చెబుతాలే."

కానీ ఆఖర్న ఎప్పుడూ తీరికుండదు. పడవవాడు గాలి మారుతోందని తొందరపెట్టాడు. అందరూ పరుగెత్తారు. రేవులో దిగాక ఆమెతో ఫోటోలు తీసుకుంటుంటే, ముసలాయన దీపస్తంభం పక్కన సంచి పట్టుకుని నిలబడ్డాడు.

మళ్ళీ పురాణం విప్పుతాడని ఆమె చూడనట్టే పక్కదారిన ఆఫీసుకి వెళ్ళిపోయింది. సందు మలుపులో వెనక్కి తిరిగి చూస్తే ఇంకా అక్కడే ఉన్నాడు.

ఆ నిలబడ్డ తీరు ఆమెని వదల్లేదు. కాలు జారితే తీసుకోగలం కానీ నోరు జారితే తీసుకోలేం. తర్వాత ఎన్ని గుంపుల్ని తెచ్చినా కథ చెబుతూ ఆ సన్నటి చెయ్యి లేస్తుందేమోనని వెతికేది. ఇంట్లో పడుకున్నా కళ్ళ ముందు ఆ దీపస్తంభమే.

వానలు వెలిసి పడవలు మళ్ళీ మొదలయ్యాక ఓ ఆడమనిషి ఆమెని వెతుక్కుంటూ దీవికి వచ్చింది.

"నిరుడు మా నాన్న మీ గుంపులో వచ్చాడు. సముద్రమంటే భయపడేవాడు, గుర్తున్నాడా?"

"ఎందుకు గుర్తులేడు! బాగున్నారా?"

"వానాకాలంలో పోయాడు."

గైడు చేతిలో ఎత్తి పట్టుకున్న గుంపు జెండాని దించింది. "అయ్యో! ఆ రోజు నేను కాస్త గట్టిగా మాట్లాడాను..."

"మీ గురించి మంచిగానే చెప్పాడు. 'పిల్ల బాగుంది, గొంతు అచ్చం తల్లిదే' అన్నాడు."

గైడు చేతిలోని జెండా కింద పడింది.

వచ్చినామె విగ్రహాన్ని కిందినుంచి పైదాకా చూసింది. నవ్వబోయి ఏడ్చింది.

"మా నాన్న ఇంత పొడుగు కాదు. 'నన్ను దేవుణ్ణి చేసి నిలబెట్టాక బతికే ఉన్నానని ఎలా వెళ్ళను' అనేవాడు. ఆ పిల్ల ఇక్కడే గైడుగా ఉందని తెలిశాక ఇక ఆగలేకపోయాడు."

గైడు ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "మా అమ్మ... మా అమ్మ ఏమైంది?"

"ఇద్దరూ మునిగిపోతారని ఆవిడే చెయ్యి విడిపించుకుందట. పిల్లకి చెప్పమని ఏదో ఒక్క మాట అందట."

"ఏమంది? ఏంటా మాట?"

వచ్చినామె తెల్లబోయి చూసింది.

"ఆ పిల్లకి తప్ప చెప్పనని మాకెవ్వరికీ చెప్పలేదు, మీకు చెప్పే ఉంటాడని, అదేంటో మిమ్మల్ని అడుగుదామనే ఇంత దూరం వచ్చానక్కా."