అరువు చొక్కా

"దొరుకుతుందంటారా బాబాయిగారూ?" మూడోసారి అడిగిందామె.

స్టూడియో పెద్దాయన నెగెటివ్‌ల పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఊరందరి మొహాలూ కడిగి ఆరేసిన డార్క్‌రూమ్ అది. ఇప్పుడు చీపుర్లకూ అట్టపెట్టెలకూ నెలవు. ముందుగదిలో కూతురు కంప్యూటర్ పెట్టుకుంది.

"మీరు ఫొటోలు తీసిన ఆ పెళ్ళికి మా నాన్నే వంట చేశాడండీ. మీరు ఫొటో తీస్తానన్నారని ఎవరి చొక్కానో అరువు తెచ్చి తొడుక్కున్నాడట. ఫ్లాష్‌కి కళ్ళు బైర్లు కమ్మాయని పోయేదాకా చెప్పుకుని మురిసిపోయాడు. ఫొటో ఇమ్మని అడగడానికేమో మొహమాటం. మాకు మిగిలింది ఇదొక్కటే." తండ్రి గుర్తింపు కార్డు తీసి ఆయన చేతిలో పెట్టింది. అందులో వంటాయన మొహం గోరంత ఉంది.

"సాయంత్రం రామ్మా," అన్నాడు పెద్దాయన.

ఆమె వెళ్ళగానే కూతురి కుర్చీ వెనక నిలబడ్డాడు. రెండేళ్ళుగా ఆ కంప్యూటర్ వంక కన్నెత్తి చూడని మనిషి.

"నెగెటివ్‌కి బూజు పట్టిందే. నువ్వే చెయ్యాలి."

కూతురు కుర్చీ తిప్పింది. "ఫొటోలో లేని మనుషుల్ని కంప్యూటర్లో అతికించడం పాపమన్నావు. కెమెరా అబద్ధమాడదన్నావు. ఆ మాట మీద నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదు!"

"అన్నాన్లే. దెప్పింది చాలు, పని చూడు."

అదే పెళ్ళి ఫొటోల్లో వంటశాల దొరికింది. మొహం కూతురు కార్డులోంచి తీసింది. మిగతాదంతా పెద్దాయన పక్కనుంచి చెబుతూనే ఉన్నాడు.

"నీలం చొక్కా. భుజాలు జారాలి, అరువుది కదా. పై బొత్తాం లేదు. చేతిలో గరిటె. పక్కన పెట్టమన్నా పెట్టలేదు మహానుభావుడు."

"ఇన్నేళ్ళయినా ఇంత గుర్తా!"

"రీలుకి ముప్పై ఆరు ఫొటోలే. ఆచితూచి నొక్కేవాళ్ళం. మీలా ఎడాపెడా కాదు." ఆ రోజులు తలుచుకుంటే ఆయన గొంతు మెత్తబడుతుంది. ఈసారి ఎందుకో అల్మరాలోని పాత కెమెరా వంక చూసి మొహం తిప్పుకున్నాడు.

సాయంత్రం ఫొటో చేతిలోకి తీసుకుని ఆమె బావురుమంది. "గరిటె వదల్లేదనే చెప్పేవాడండీ! ఇన్నేళ్ళు ఎంత భద్రంగా దాచారు బాబాయిగారూ!"

పెద్దాయన తల దించుకున్నాడు. ఆమె నవ్వుతూ, ఏడుస్తూ మెట్లు దిగింది.

కూతురికి తండ్రి మీద ప్రేమ పొంగుకొచ్చింది. "ఆ నెగెటివ్ ఇలా ఇవ్వు నాన్నా, బూజు వదలగొడతాను. ఎంతైనా అసలుది అసలుదే."

పెద్దాయన పాత కెమెరాని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తుడిచాడు.

"వాళ్ళ నాన్నని తీసేసరికే దీంట్లో రీలు అయిపోయిందమ్మా."