తలుపు లాగకండి

"ఇది రెజ్యూమేనా, పచారీ కొట్టు చీటీయా?" అంటూ బావ కాగితాలను బల్ల మీద పడేశాడు.

మరదలి మొహం మాడిపోయింది. ఆమె టెక్నికల్ రైటర్. మిక్సీలతో, ప్రింటర్లతో పాటు అట్టపెట్టెలో వచ్చే, ఎవరూ చదవని పుస్తకాలు రాసేది ఆమే. కాంట్రాక్టు అయిపోయి ఇంట్లో కూర్చుంది. ఇన్నాళ్లకు ఒక పర్మనెంటు ఉద్యోగం కంటబడింది. దరఖాస్తుకు ఈ సాయంత్రమే ఆఖరు.

బావ మాట తీసిపారేసేది కాదు. ఒక కంపెనీ కస్టమర్ కేర్‌లో సూపర్‌వైజరుగా ఎందరివో రెజ్యూమేలు చదివి, ఎందరినో పనిలో పెట్టుకున్నాడు. కొన్నాళ్లుగా తనే ఖాళీ. విభాగం మొత్తం ఎత్తేశారు. ఎందుకని అడిగితే, "జనానికి తెలివి పెరిగిపోయింది, ఇక మాతో ఏం పని?" అని నవ్వేస్తాడు. చేతిలో పని లేదు గనక, ఎవరి రెజ్యూమే దొరికినా వదలడు.

"కష్టపడి పనిచేస్తాను... ఇదెందుకు? కష్టపడను అని రాసేవాడెవడైనా ఉంటాడా? అభిరుచులు, పాటలు వినడం... పాటలు వింటే జీతమిస్తారా?"

ఎర్ర పెన్ను కాగితం మీద నాట్యం చేసింది. రోజూ ఇంజనీర్ల వాక్యాలను ముక్కలు చేసే మనిషి, తన వాక్యాలు తెగుతుంటే ఉసూరుమంది.

"మరేం రాయమంటారు బావా?"

"నువ్వు రాసినదాని వల్ల ఏం జరిగిందో రాయి. కప్పు వేశానంటే చాలదు, ఇల్లు కురవడం ఆగిందని చెప్పాలి."

"అలా చెప్పుకోడానికేం లేదు."

"ఒక్కటి చెప్పు. ఒక్కటంటే ఒక్కటి."

"ఏం లేదన్నాగా."

పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న అక్క అందుకుంది. "దాన్నెందుకలా కాల్చుకు తింటారు? ఇంటికొచ్చాక కూడా ఫోన్లో ముక్కూమొహం తెలీని వాళ్లతో ఎంత ఓపికగా మాట్లాడేవారు! నిద్రలో కూడా 'తలుపు లాగకండి మేడమ్, ముందు నీళ్లు వదలండి' అనేవారే బాబూ ఈయన!"

బావ పకపకా నవ్వాడు. "మరి? లోపల నీళ్లుంటే వాషింగ్ మెషీన్ తలుపు తెరుచుకోదు. జనం లాగి లాగి, చేతులు నొప్పెట్టాక మాకు ఫోన్ కొట్టేవాళ్లు. ఆ తలుపే మాకు కూడు పెట్టింది."

మరదలు నవ్వలేదు. తల వంచుకుని, ముందున్న లాప్‌టాప్ కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచింది.

"సరే, ఫలితాలు లేవు. రిఫరెన్స్ కింద ఒక పేరైనా ఇవ్వు. నీ పని ఎలాంటిదో తెలిసిన మనిషి."

"కంపెనీల వివరాలు బయట పెట్టకూడదని మా కాంట్రాక్టులో ఉంది బావా. అక్కడివాళ్ల పేర్లు ఇవ్వలేను."

"బాగుంది! చేసిందీ చెప్పవు, చూసినవాడినీ చూపించవు. ఇంక ఉద్యోగం వచ్చినట్టే!" బావకు నిజంగానే కోపం వచ్చింది. "ఇంత మొహమాటమైతే నాలాగే ఇంట్లో కూర్చో."

ఆ మాటకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చరచరా ఏదో టైపు చేసి, లాప్‌టాప్‌ను అతని వైపు తిప్పేసింది.

బావ కళ్లజోడు పెట్టుకుని పైకే చదివాడు.

"'వాషింగ్ మెషీన్ పుస్తకాన్ని తిరగరాశాను. చివరి పేజీల్లో ఉన్న జాగ్రత్తను ఒక్క మాటగా కుదించి, మెషీన్ తలుపు మీదే అచ్చు వేయించాను. తలుపు లాగకండి, ముందు నీళ్లు వదలండి. దాంతో కస్టమర్ కేర్‌కు వచ్చే ఫోన్లు సగానికి...'"

అక్కడ ఆగిపోయాడు. పక్కగదిలో బట్టలు దులుపుతున్న చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఆ మాట మీదే బావా." అంది మరదలు. "ఇక్కడికొచ్చినప్పుడల్లా ఫోన్లో మీరు చెబుతుంటే వినేదాన్ని. అంతకన్నా తేలిగ్గా నాకు రాయడం చేతకాలేదు. మీ కంపెనీ మెషీన్ల మీద అదే పెట్టేశాను. మీ విభాగమే ఎత్తేస్తారని అనుకోలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

బావ కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. కుర్చీ దగ్గరికి జరుపుకుని ఒక మాట మీద వేలు పెట్టాడు.

"'సగానికి' అని తప్పు రాశావు, కొట్టెయ్. ఆ విభాగమే అక్కర్లేకుండా పోయిందని రాయి," అన్నాడు. "రిఫరెన్స్ కింద నా నంబరు పెట్టు."