అరువు ముక్కు

"అమ్మా, పప్పు మాడిపోతోంది. వీధి మలుపు దాకా కొడుతోంది వాసన," అంటూ ఆటో ఆపి కొట్టు లోపలికి తొంగిచూశాడు, రోజూ కూర కట్టించుకునే సిలార్.

శివపార్వతి ఉలిక్కిపడి మూత తీసింది. కందిపప్పు అడుగంటి బొగ్గయింది. తను పొయ్యి ముందే నిలబడి ఉంది. రెండడుగుల అవతల పీట మీద కూర్చుని, పనిలో సాయానికి ఉండే మాబూబీ గోరుచిక్కుళ్లు తుంచుతోంది. పనిలో పడి ఇద్దరూ గమనించుకోలేదు.

సిలార్ వెళ్లిపోయాక శివపార్వతి ఆ గిన్నెలోకి ముఖం వంచి గట్టిగా పీల్చింది. ఏమీ తెలియలేదు. ఇంగువ డబ్బా తెరిచి పీల్చింది. అదీ అంతే. పోయిన వారం జ్వరం తగ్గిన దగ్గర్నుంచి తిండి ఊకలా ఉంటోందని అనుకుంటోంది గానీ, ముక్కు మీదికి ఆమె ఆలోచన పోలేదు. బ్రాడీపేటలో ఆమె కర్రీ పాయింట్ పెట్టి పన్నెండేళ్లయింది. కోచింగ్ పిల్లలు, బ్యాంకు వాళ్లు ఆమె తాలింపు వాసనకే సందులోకి తిరుగుతారు. ఆ తాలింపు ఎప్పుడు దించాలో ఆమెకు చెప్పేది ముక్కే.

మధ్యాహ్నం కూరలు అమ్ముడయ్యాక పక్క వీధిలో చెవి, ముక్కు, గొంతు డాక్టర్ ప్రసన్నకుమార్ దగ్గరికి వెళ్లింది. ఆయన లైటు వేసి చూసి, ముక్కు బొమ్మ ముందు పెట్టుకుని ఓపిగ్గా చెప్పాడు. వాసన పట్టే కణాలు ముక్కు రంధ్రాల్లో ఉండవట. బాగా పైన, రెండు కళ్ల మధ్య గోరంత చోటులో ఉంటాయట. జ్వరం వాటిని దెబ్బతీసిందన్నాడు. నాలుకకు తెలిసేవి ఉప్పు, పులుపు, తీపి, చేదు లాంటి నాలుగైదు రుచులేననీ, మనం కమ్మదనం అనుకునేదంతా నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కుకు ఎక్కే వాసనేననీ అన్నాడు.

శివపార్వతికి నమ్మకం కుదరలేదు. "మరి మిరపకాయలు వేయిస్తుంటే దగ్గూ, తుమ్ములూ వస్తూనే ఉన్నాయి కదండీ. ముక్కు పోతే అవెట్టా వస్తాయి?"

"అది వాసన కాదమ్మా, మంట. ఘాటు చెప్పే నరం వేరు, వాసన చెప్పే నరం వేరు. వాసన బొత్తిగా తెలియని వాళ్లు కూడా మిరపకాయ ఘాటుకి తుమ్ముతారు."

లవంగాలు, నిమ్మతొక్క, గులాబీ రేకులు, నీలగిరి తైలం నాలుగు సీసాల్లో పెట్టుకుని, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాసన చూడమన్నాడు. ఆ కణాలు మళ్లీ పుడతాయనీ, కానీ నెలలు పట్టొచ్చనీ, అందరికీ తిరిగి వస్తుందని మాట ఇవ్వలేననీ చెప్పాడు.

కొట్టుకు తిరిగొచ్చి శివపార్వతి కూలబడింది. మాడిన కూరైతే పారేస్తాను, పాడైన కూర తెలియక అమ్మితే పిల్లలేమైపోతారు, రేపటి నుంచి షట్టర్ దించేస్తానంది. మాబూబీ పనిలో చేరి నాలుగు నెలలే అయింది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. గోరుచిక్కుళ్ల పళ్లెం పక్కన పెట్టి లేచింది.

"నేనున్నాగా అక్కా. ఎప్పుడు దించాలో నేను చెబుతా. నువ్వు వండు."

మర్నాటి నుంచి అలాగే సాగింది. శివపార్వతి గరిటె తిప్పేది. మాబూబీ బాణలి మీదికి వంగి, కళ్లు మూసుకుని, కదలకుండా ఒక్క క్షణం ఉండేది. "ఇంకొంచెం," అనేది. తర్వాత కళ్లు తెరిచి వెల్లుల్లి వైపు చూసి, "చాలక్కా," అనేది. ఆ 'చాలు' ఎన్నడూ తప్పలేదు. మిగిలిన పప్పును వేళ్ల మధ్య రాసి చూసి, ఇది వద్దని పక్కన పెట్టేది. ఉప్పు, పులుపు నాలుక మీద వేసుకుని చెప్పేది. కూరలు ఇదివరకటి కన్నా బాగున్నాయని బ్యాంకు మేనేజరు ఒకరోజు ఇంకో ప్యాకెట్ కట్టించుకుని వెళ్లాడు. శివపార్వతి మాబూబీ వైపు చూసి, ఇక నీ ముక్కే నా ముక్కు అంది. మాబూబీ తల వంచుకుని ఉల్లిపాయలు తరుగుతూ ఉండిపోయింది.

ఐదో నెలలో లవంగం సీసాలోంచి ఏదో లీలగా తగిలింది. మరునాడు లేదు. మళ్లీ వారానికి తగిలింది. ఏడో నెల, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక ఉదయం నూనెలో కరివేపాకు వేయగానే ఆ వాసన పచ్చిగా, నిండుగా లోపలికి వచ్చేసింది. శివపార్వతి గరిటె వదిలి స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. మాబూబీ పొయ్యి కట్టేసి, ఆమె వీపు నిమురుతూ నిలబడింది.

ఆ సాయంత్రం నాలుగో లైన్ వీధి మలుపులో పూలమ్మే ఆమె బుట్ట ఇంకా పది గజాలుందనగానే మల్లెల వాసన ఎదురొచ్చింది. మూరెడు చాలదనిపించి నాలుగు మూరలు కొని, పరుగులాంటి నడకతో కొట్టుకు వచ్చి మాబూబీ చేతుల్లో పెట్టింది శివపార్వతి. ఆ చేతుల్ని అలాగే పట్టుకుంది.

"ఇన్నాళ్లూ నీ ముక్కుతో బతికానే. నువ్వు లేకపోతే ఈ కొట్టూ లేదు, నేనూ లేను. ముందు వాసన చూసి, ఆ తర్వాత పెట్టుకో."

మాబూబీ ఆ దండను రెండు చేతులా ఎత్తి చూసుకుంది. వేలితో ఒక మొగ్గను మెల్లగా తాకింది.

"నాకు పుట్టిన కాడినుంచీ వాసనంటే ఏంటో తెలీదక్కా. ఇన్నాళ్లూ నీకు చెప్పిందంతా చెవితో విని, కంటితో చూసి చెప్పిందే. ఇవెట్టా ఉంటాయో నువ్వే చెప్పు."