చూద్దాం సొరుగు

వచ్చీ రాగానే ఆవిడ బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పింది.

ఇల్లు చూడడానికి వచ్చినవాళ్ళు ముందు హాలు చూస్తారు, బాల్కనీలోకి వెళ్ళి గాలి బాగా వస్తోందంటారు. ఈవిడ చెప్పులు విప్పి, తడి నేల మీద నిలబడి, కాలితో రాసి చూసింది.

"జారుతోందండీ. గరుకు రాళ్ళు వేయించండి."

"చూద్దాం," అన్నాడు ఇంటాయన.

అది ఆయన ఊతపదం. మూడంతస్తుల ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళంతా చాటుగా ఆయన్ని 'చూద్దాం గారు' అనే పిలుచుకునేవారు. ఎవరు ఏ చీటీ రాసి పంపినా చివర సంతకం మాత్రం చూసి, "రెండో అంతస్తా? చూద్దాం," అని మడిచి బల్ల సొరుగులో పడేసేవాడు. ఆయన కాపురం ఊరికి ఆ చివర. అద్దెకున్నవాళ్ళ మొహాలు కూడా ఆయనకు సరిగ్గా తెలియవు, అంతస్తులే తెలుసు.

ఇప్పుడు ఆవిడ చూస్తున్న రెండో అంతస్తుకి ఏం పట్టిందో, ఏడాది తిరక్కుండా ఖాళీ అయ్యేది. కొందరు ట్రాన్స్‌ఫరని చెప్పేవారు. కొందరు తాళాలు కిందివాళ్ళ చేతిలో పెట్టి చెప్పకుండానే పోయేవారు.

"అమ్మేసి చేతులు దులుపుకోండి. ఈ తలనొప్పి మనకెందుకు?" అని భార్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది.

గోడ గోడకీ తన చేత్తో నీళ్ళు కొట్టి కట్టించుకున్న ఇల్లది. అమ్మడమంటే ఆయనకు ప్రాణం మీదికొచ్చినట్టే.

అందుకే ఈసారి సొరుగు జోలికి పోలేదు. గరుకు రాళ్ళు వేయించాడు.

పది రోజులకి ఆవిడ మళ్ళీ వచ్చింది. గోడ పట్టుకుని మెల్లగా ఎక్కుతూ, ఏడో మెట్టు దగ్గర కాసేపు ఆగింది.

"మోకాళ్ళ నొప్పులా అమ్మా?"

"లేదండీ."

వంటింట్లో గట్టు ముందు నిలబడి చూసింది.

"గిన్నెలు తోముతుంటే మన నీడే పడుతోందండీ. ఇక్కడో లైటు కావాలి. మంచం పక్కన స్విచ్చి, కిటికీలకి దోమల మెష్."

అన్నీ ఒక కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసిచ్చింది.

"ఇవన్నీ చేయిస్తే మీరు వచ్చేస్తారుగా?"

"ఇవన్నీ ఉంటే ఎవరూ వదిలి వెళ్ళరండీ," అని చిన్నగా నవ్వింది.

ఆయన చేయించాడు. పనివాళ్ళు ఎలాగూ వచ్చారు కదా అని మొదటి అంతస్తులో కూడా లైటూ, మెష్షూ పెట్టించాడు. ఖాళీ చేస్తామన్న మొదటి అంతస్తువాళ్ళు కట్టిన మూటలు మళ్ళీ విప్పేసుకున్నారు.

"బుర్రంటే నీ మొగుడిదే!" అని భార్య ముందు మీసం మెలేశాడు.

రెండో అంతస్తు చూస్తామని వచ్చిన రెండు కుటుంబాలను, "మాటైపోయిందండీ," అని గుమ్మంలోంచే పంపేశాడు. ఆవిడ మీద ఆయనకంత గురి కుదిరింది.

ఇక మిగిలింది మెట్లకి రెయిలింగ్. కాగితంలో అదే చివరిది. కింద రెండు గీతలు గీసి మరీ రాసింది.

వెల్డింగ్ మేస్త్రీ టేపు పట్టుకుని మెట్లు కొలుస్తుండగా ఆవిడ వచ్చింది.

"నమస్తే అమ్మా! గేటు చక్కగా మూసుకుంటోందా?" అన్నాడు మేస్త్రీ.

"ఈవిడ నీకు తెలుసా?" అడిగాడు ఇంటాయన.

"తెలియకపోవడమేంటండీ! కిందటి నెలే వాళ్ళ సొంతింటికి గేటు చేసిచ్చాను. ఇల్లంటే అదండీ ఇల్లు!"

ఇంటాయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సొంతిల్లుందా మీకు?"

"ఉందండీ."

"ఇందులోకి వచ్చే ఉద్దేశమే లేదా?"

ఆవిడ తల దించుకుంది. "లేదండీ. వస్తానని నేనెప్పుడూ అనలేదు."

గుర్తుచేసుకుంటే నిజమే, అనలేదు. దాంతో ఆయనకు ఒళ్ళు ఇంకా మండింది.

"మీకోసం వచ్చినవాళ్ళని వచ్చినట్టే పంపేశాను! సొంత చెల్లెలు చెప్పినట్టు మీరు చెప్పిందల్లా చేశాను. నమ్మించి గొంతు కోశారు కదమ్మా!"

"ఎన్ని మాటలన్నా పడతానండీ. ఈ రెయిలింగ్ ఒక్కటి వేయించండి. మళ్ళీ మీ గడప తొక్కను."

"వేయించను! మేస్త్రీ, టేపు చుట్టేయ్!"

ఆవిడ గోడ పట్టుకుని దిగింది. ఏడో మెట్టు దగ్గర వంగి, దాన్ని ఒకసారి చేత్తో తడిమి వెళ్ళిపోయింది.

"చూశావా నాటకాలు?" అన్నాడు ఆయన మేస్త్రీతో. అంతగా నమ్మిన మనిషి ఇలా చేస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఇంటికెళ్ళి ఆవిడ కాగితాన్ని సొరుగులో కుక్కబోయాడు. పట్టలేదు. ఏళ్ళ తరబడి పడేసిన చీటీలతో సొరుగు కిక్కిరిసి ఉంది. విసురుగా లాగితే అది కాస్తా ఊడొచ్చి చీటీలన్నీ నేలపాలయ్యాయి.

ఏరబోయి ఆగిపోయాడు.

పాతబడి పసుపెక్కిన కాగితాలమీద అవే గుండ్రటి అక్షరాలు. అలాంటి చీటీలు నాలుగున్నాయి. ఒక్కటైనా చదివిన గుర్తు లేదు.

బాత్రూం జారుతోందని ఒకటి. గిన్నెల దగ్గర లైటు లేదని ఒకటి. మెట్లకి రెయిలింగ్ కావాలని, కింద రెండు గీతలతో మరొకటి.

నాలుగోది అన్నిటికంటే చిన్నది. మడత విప్పాడు.

"అయ్యా, ఏడో మెట్టు మీద పడి ఆస్పత్రిలో చేరిన మా అమ్మ నిన్న పోయింది, రెయిలింగ్ ఇక మాకు అక్కర్లేదు, తర్వాత వచ్చేవాళ్ళ కోసమైనా వేయించండి. ఇట్లు, రెండో అంతస్తు."